సామర్లకోట డాక్టరుగారు - చిరివేరు చిరునామా

వేసవి సెలవులు రాగానే మన డాలస్, ప్లేనో ప్రాంతాల తెలుగు కుటుంబాలు చాలావరకు కొలరాడో దారి పడతాయి. టెక్సస్ ఎండ నుంచి తప్పించుకుని, రోజంతా కారు నడిపి, రాకీ పర్వతాల చల్లదనంలో నాలుగు రోజులు గడిపి వస్తాం. అక్కడి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల ఎత్తుదాకా వెళ్తుంది. సుమారు 11,500 అడుగులు దాటాక ఇక చెట్లుండవు. ఆ పైన రాళ్ళ సందుల్లో, నేలకు అతుక్కుపోయినట్టు, అంగుళం రెండంగుళాల ఎత్తులో ఒక బుల్లి నీలి పువ్వు పూస్తుంది. మధ్యలో చిన్న పసుపు చుక్క ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు ఆల్పైన్ ఫర్గెట్ మి నాట్ అంటారు. ఈదురుగాలికి ఎగిరిపోకుండా, చలికి చచ్చిపోకుండా, ఆకులకు నూగు కప్పుకుని చాపలా పరుచుకుని బతుకుతుంది.

ఇంచుమించు అలాంటి నీలి పువ్వులే పూసే మరో మొక్క దిగువన అడవి అంచుల్లో కనిపిస్తుంది. కానీ అది నిటారుగా, పొడుగ్గా పెరుగుతుంది. పువ్వు ఒక్కటే ఫోటో తీసి చూపిస్తే ఏది ఏదో తేల్చడం కష్టం. ఎక్కడ చూశారు, ఎంత ఎత్తులో, ఎలాంటి నేలలో అని అడిగితే సగం చిక్కు అక్కడే వీడిపోతుంది. ఈరోజు మన ఫోన్లలో మొక్కల్ని గుర్తుపట్టే అప్లికేషన్లు వచ్చాయి. అవీ ఫోటోతో పాటు ఎక్కడ తీశారన్నది కూడా చూస్తాయి. అంటే మొక్కను గుర్తించాలంటే రెండు ప్రశ్నలకు జవాబు కావాలన్నమాట. దీని పేరేమిటి? ఇది ఎక్కడ పెరుగుతుంది?

ఈ రెండు ప్రశ్నలనూ మన తూర్పుగోదావరి నేల మీద, మన తెలుగువాళ్ళని, పన్నెండేళ్ళపాటు విసుగు విరామం లేకుండా అడిగిన ఒక మనిషి ఉన్నాడు. ఆయనే భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరు పొందిన విలియం రాక్స్‌బరో. మొక్కల మీద ఆసక్తి ఉన్న ప్రపంచమంతటికీ ఆయన తెలుసు. ఆయన ఎక్కడ కూర్చుని ఆ పని మొదలుపెట్టాడో మాత్రం మనలోనే చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

ఓడ మీద వచ్చిన వైద్యుడు

రాక్స్‌బరో 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదువుకున్నాడు. ఆ రోజుల్లో వైద్యం చదివే ప్రతివాడూ మొక్కలు చదవాల్సిందే, ఎందుకంటే మందులన్నీ మొక్కల నుంచే వచ్చేవి. అక్కడ జాన్ హోప్ అనే గొప్ప అధ్యాపకుడి దగ్గర ఆయనకు వృక్షశాస్త్రం అబ్బింది. స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ అప్పటికే మొక్కలన్నిటికీ రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతి తెచ్చాడు. పువ్వులో కేసరాలు ఎన్ని, అండకోశాలు ఎన్ని అని లెక్కపెట్టి, ఆ లెక్కను బట్టి మొక్కను ఒక తరగతిలో చేర్చేవారు. హోప్ ఆ పద్ధతిని తన విద్యార్థులకు శ్రద్ధగా నేర్పాడు.

చదువయ్యాక రాక్స్‌బరో ఈస్టిండియా కంపెనీ ఓడల్లో సహాయ వైద్యుడిగా తిరిగాడు. 1776లో మద్రాసులో కంపెనీ వైద్య కొలువులో చేరాడు. చేరీ చేరగానే ఆయన చేసిన మొదటి పని వాతావరణం లెక్కలు రాయడం. ఎండ ఎంత, గాలి ఎటు, వాన ఎంత అని క్రమం తప్పకుండా రాసుకునేవాడు. ఆ లెక్కలు 1778లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. మొక్కలకైనా, వానకైనా రోజూ చూసి రాసుకోవడమే ఆయన అలవాటు.

దక్షిణాదిలో ఆయనకు ఒక గురువు దొరికాడు. పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్‌కు స్వయంగా శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చి, మొక్కల పిచ్చిలో పడి, చివరకు కంపెనీకి తొలి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. చెప్పులు అరిగేలా తిరిగే మనిషి. ఇద్దరూ కలిసి మొక్కలు చూశారు, ఉత్తరాలు రాసుకున్నారు.

సామర్లకోటలో పన్నెండేళ్ళు

1781లో రాక్స్‌బరోకు సామర్లకోట బదిలీ అయింది. పంచారామాల్లో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం ఉన్న ఆ ఊరే. అప్పుడక్కడ కంపెనీ సైన్యం ఉండేది. సైనికులకు వైద్యం చేయడం ఆయన ఉద్యోగం. కానీ ఆయన కళ్ళు ఊరి చుట్టూ తిరిగేవి. ఒకవైపు కాకినాడ, కోరంగి ఇసుక తీరం, మరోవైపు పెద్దాపురం దాటితే మొదలయ్యే కొండలు, అడవులు. మధ్యలో ఏలేరు ఒడ్డున చెరుకు తోటలు. ఒక రోజు ప్రయాణంలో మూడు రకాల నేలలు. మొక్కలు చూసేవాడికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

ఆయన పద్ధతి ఇలా ఉండేది. కొత్త మొక్క కనిపిస్తే ఎండబెట్టిన కొమ్మతో సరిపెట్టుకోకుండా, వీలైతే వేళ్ళతో సహా తెచ్చి తన తోటలో నాటేవాడు. మొలక నుంచి పువ్వుదాకా, పువ్వు నుంచి కాయదాకా గమనించేవాడు. పువ్వు విడదీసి భాగాలు లెక్కపెట్టేవాడు. లాటిన్ పేరు ఉంటే రాసేవాడు, లేకపోతే కొత్త పేరు పెట్టేవాడు. దాని పక్కనే తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. తెలుగువాళ్ళను ఆయన తెలింగాలు అని రాశాడు. ఆ తరువాత అది ఎక్కడ పెరుగుతుంది, ఏ నెలలో పూస్తుంది, ఊళ్ళో జనం దాన్ని దేనికి వాడతారు అన్నవి వరసగా రాసేవాడు.

ఈ చివరి వివరాలు ఏ ఎడిన్‌బరో పుస్తకంలోనూ లేవు. అవి చెప్పినవాళ్ళు మన రైతులు, కొండవాళ్ళు, నాటు వైద్యులు, అద్దకం పనివాళ్ళు. బొమ్మలు గీసినవాళ్ళు కూడా మన చిత్రకారులే. దేవుళ్ళ బొమ్మలకు, అద్దకపు బట్టలకు అలవాటుపడిన ఆ చేతులు పువ్వు లోపలి కేసరాన్ని కూడా తప్పులేకుండా అసలు పరిమాణంలో కాగితం మీద దించాయి.

ఎంత కచ్చితంగా చోటు రాసేవాడో చూడండి. సోమిద చెట్టు గురించి రాస్తూ, అది రాజమండ్రి సర్కారులో సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండల్లో పెరుగుతుందని గుర్తు పెట్టాడు. దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఇక్కడివాళ్ళు చెబితే విని, సింకోనా బెరడుకు బదులుగా వాడొచ్చేమోనని పరీక్షకు పంపాడు. తరువాతి కాలంలో ఆ చెట్టు ప్రజాతికి సోయిమిడా అనే పేరు స్థిరపడింది. అది మన సోమిదే. టేకు గురించి రాసినప్పుడు గోదావరి ఒడ్డున పోలవరం ఎగువ కొండలని రాశాడు. పాపికొండలు చూసినవాళ్ళకు ఆ చిరునామా విడమరిచి చెప్పనక్కరలేదు.

చిరివేరు అనే చిన్న పువ్వు

ఆయన వర్ణించిన వందల మొక్కల్లో నన్ను ఎక్కువగా ఆపింది ఒక చాలా చిన్న మొక్క. పేరు చిరివేరు. లాటిన్‌లో ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. ఈ పేరు లిన్నేయస్ ముందే పెట్టాడు. ఎత్తు పెద్దగా ఉండదు. సన్నని ఆకులు, నాలుగు రేకుల చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తాయి. కేసరాలు కూడా నాలుగే. నడుస్తూ పోతే కాలి కింద పడినా తెలియదు. దాని దగ్గరి చుట్టాలు పొలాల్లో కలుపు మొక్కలుగా కనిపిస్తాయి. పువ్వు చూసి ఇది అదీ ఒకటేననుకునే ప్రమాదం ఉంది.

ఈ మొక్క విలువ నేల కింద ఉంది. సముద్రపు ఒడ్డున తేలికపాటి పొడి ఇసుకలో దాని వేరు అడుగు, అడుగున్నర లోతుకు దిగుతుంది. తాజాగా తవ్వితే నారింజ రంగులో ఉంటుంది. కరక్కాయ నీళ్ళలో ముంచి, పటిక అద్దిన బట్టను ఈ వేరుతో కలిపి కాచితే ఎర్రని ఎరుపు వస్తుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మచిలీపట్నం కలంకారీ ఎరుపు ప్రపంచమంతా తిరిగిందంటే దాని వెనక ఉన్నది ఈ వేరే. నిజాంపట్నం దగ్గరి వేరు శ్రేష్ఠమని 17వ శతాబ్దపు యూరప్ వర్తకులు కూడా రాసిపెట్టారు.

రాక్స్‌బరో ఈ మొక్క బొమ్మ వేయించి, రంగు అద్దే పద్ధతి వివరంగా తెలుసుకుని రాశాడు. అందులో ఒక ముఖ్యమైన మాట ఉంది. సాగుచేసిన చిరివేరు కంటే దానంతటది మొలిచిన చిరివేరు పొట్టిగా ఉంటుంది, కాని అందులో రంగు నాలుగోవంతు ఎక్కువ, నాణ్యతా ఎక్కువ. ఈ తేడా కేసరాలు లెక్కపెడితే దొరకదు. తరతరాలుగా ఆ వేరు తవ్వినవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు చెప్పారు, ఆయన విన్నాడు, రాశాడు. ఒకే మొక్క, రెండు చోట్లు, రెండు రకాల ఫలితం. ఎక్కడ పెరుగుతుంది అన్న ప్రశ్న ఎంత పెద్దదో ఇక్కడ తెలుస్తుంది.

ఉప్పెన, కరువు

ఈ పని సాఫీగా సాగలేదు. 1785లో గురువు కోనిగ్ జబ్బుపడి కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినవాడు రాక్స్‌బరో. కోనిగ్ కాగితాలు ఆయన కోరిక ప్రకారం లండన్‌లో సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

రెండేళ్ళు తిరగకముందే, 1787 మే నెలలో, కోరంగి తీరాన్ని పెద్ద ఉప్పెన ముంచేసింది. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. దివిసీమ ఉప్పెన నాటి కథలు విన్న మన తరానికి అది ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. ఆ నీళ్ళలో రాక్స్‌బరో పుస్తకాలు, రాతలు, పోగుచేసిన మొక్కలు పోయాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు డిస్క్ ఒకటి పోతేనే చెమటలు పడతాయి. బ్యాకప్ అన్న మాట లేని రోజుల్లో ఏళ్ళ తరబడి చేసిన పని ఒక్క రోజులో పోవడమంటే ఏమిటో ఆలోచించండి. ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మన దగ్గర ఈనాడు మిగిలినదంతా చాలావరకు ఆ రెండోసారి చేసిన పనే.

అప్పట్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే మరో వైద్యుడు ఉండేవాడు. పాముల మీద, చేపల మీద పుస్తకాలు రాసినవాడు. ఈ ప్రాంతపు ఉపయోగకరమైన మొక్కల గురించి బొమ్మలతో ఒక పుస్తకం తేవాలన్నది ఆయన ఆలోచన. ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాక, 1790 ప్రాంతంలో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పదవి రాక్స్‌బరోకు వచ్చింది. 1794 నాటికి సుమారు 500 బొమ్మలు, వర్ణనలతో సహా లండన్ చేరాయి. వాటిలోంచి బ్యాంక్స్ ఏరిన 300 మొక్కలతో ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్ అనే మూడు సంపుటాల మహాగ్రంథం 1795 నుంచి 1820 దాకా వెలువడింది. చిరివేరు అందులో మొదటి సంపుటంలోనే ఉంది.

అదే సంపుటంలో మరో చిన్న మొక్క ఉంది. చిట్టి ఈత. కోరంగి దగ్గర సముద్రానికి చేరువలో పొడి నేలల్లో పెరుగుతుందని ఆయన రాశాడు. మొదలు మూరెడు కూడా ఉండదు. 1790 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో వానలు లేక భయంకరమైన కరువు వచ్చింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే ఇంకా అరవై ఏళ్ళ మాట. గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి నీళ్ళు లేవు. ఆ కరువులో జనం ఈ చిట్టి ఈత మొదలు నరికి, చీల్చి, ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లించి, వచ్చిన పిండిని గంజి కాచుకుని తాగారు. దాని వల్ల చాలా ప్రాణాలు నిలిచాయని రాక్స్‌బరో రాశాడు. లాటిన్‌లో ఆ మొక్కకు ఆయన పెట్టిన పేరుకు కూడా పిండినిచ్చే ఈత అనే అర్థం వస్తుంది.

ఆ కరువు ఆయన్ని కదిలించింది. కొబ్బరి, పనస, అరటి, సగ్గుబియ్యం చెట్టు, సీమపనస వంటివి గట్ల మీద, కాలువల ఒడ్డున విరివిగా నాటాలని, వాన తప్పినా చెట్టు తిండి పెడుతుందని కంపెనీ పెద్దలకు రాశాడు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన కంపెనీ మనిషి. కంపెనీకి కావలసింది లాభం. సామర్లకోట తోటలో మిరియాలు, నీలిమందు, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూడటం వెనక ఉన్నది వ్యాపారమే. ఉత్తరాన ఉన్న కొండల్లో మిరియాల తీగ అడవిలో పెరుగుతుండటం చూసి వేల మొక్కలతో పెద్ద తోట వేశాడు. అది ఆశించినంత ఫలించలేదు. మన రైతులు చెరుకు పండించి బెల్లం వండే తీరు చూసి రాసిన వివరాలు కూడా కంపెనీకి పనికొచ్చేవే. కానీ ఏ ఉద్దేశంతో మొదలైనా, విన్నది విన్నట్టు, ఎవరు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతో సహా రాయడం ఆయన నిజాయితీ.

కలకత్తా, ఆ తరువాత

1793 చివరలో రాక్స్‌బరో సామర్లకోట విడిచి కలకత్తా వెళ్ళాడు. అక్కడ హుగ్లీ ఒడ్డున శివపూర్‌లో కంపెనీ తోటను 1787లో స్థాపించిన రాబర్ట్ కిడ్ చనిపోవడంతో ఆ బాధ్యత ఈయనకు అప్పగించారు. వెళ్ళేటప్పటికి అక్కడ సుమారు 300 రకాల మొక్కలు ఉండేవి. ఆయన వదిలేనాటికి 3,500 రకాలయ్యాయి. ఈనాడు దాన్ని ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారతీయ బొటానిక్ గార్డెన్ అంటున్నాం.

అక్కడ ఆయనకు దొరికిన మిత్రుడు శ్రీరాంపూర్‌లోని విలియం కేరీ. 1814లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీ ఈయనే. అదే ఏడాది కేరీ పూనికతో కలకత్తా తోట మొక్కల జాబితా కూడా అచ్చయింది. కుంభి చెట్టుకు రాక్స్‌బరో కేరియా అని స్నేహితుడి పేరు పెట్టాడు.

అప్పటికి రాక్స్‌బరో ఆరోగ్యం పూర్తిగా చెడింది. 1813లో బయలుదేరి, దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగాడు. అక్కడ కూడా ఊరుకోకుండా ఆ ద్వీపపు మొక్కల జాబితా తయారుచేశాడు. స్వదేశం చేరి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. జీవితకాలపు కృషి అయిన ఫ్లోరా ఇండికా అచ్చులో చూసుకోలేదు. దాన్ని కేరీ దగ్గరుండి తెచ్చాడు. పూర్తి గ్రంథం 1832లో వచ్చింది.

ఈనాటికీ మొక్కల లాటిన్ పేరు చివర ఆయన పేరు పొట్టిగా రాక్స్‌బ్ అని కనిపిస్తే, ఆ పేరు పెట్టింది ఆయనే అని గుర్తు. బీడీ ఆకుల తునికి, కరాయ బంక ఇచ్చే తబసి, ఇవన్నీ ఆ వరసలోవే. హిమాలయాల్లో పెరిగే చిర్ పైన్ చెట్టుకు తరువాతి శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు.

చిరివేరు కథ మాత్రం వేరే మలుపు తిరిగింది. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులో ఉన్న రంగూ అదే. కొన్నేళ్ళలోనే చవక రంగు బజారు నింపేసింది. వేరు తవ్వేవాళ్ళకు పని పోయింది. ఈరోజు పెడనలో కలంకారీ ఎరుపు ఎక్కువగా డబ్బాలో వచ్చే అలిజరినే. మొక్క ఇంకా తీరంలో ఉంది. చూసి ఇది చిరివేరు అని చెప్పగలిగేవాళ్ళే తగ్గిపోయారు.

రాక్స్‌బరో రాసిన కాగితాల్లో చిత్రకారుల పేర్లు, చిరివేరు గురించి చెప్పిన అద్దకం మనిషి పేరు, చిట్టి ఈత దంచిన ఇల్లాలి పేరు మనకు మిగల్లేదు. మిగిలింది వాళ్ళు చెప్పిన మొక్కల పేర్లు. ఆ బొమ్మల్లో ఒక ప్రతి లండన్ దగ్గర క్యూ తోటలో, ఇంకొకటి కలకత్తాలో భద్రంగా ఉన్నాయి. కోరమాండల్ సంపుటాలను ఇంటర్నెట్‌లో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన పిల్లలకు తెలుగు లిపి రాకపోయినా, ఆ పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు పేర్లు చదవగలరు. చదివితే అమ్మమ్మ, తాతయ్య వెంటనే గుర్తుపడతారు.

మనలో చాలామందికి వసంతంలో టెక్సస్ హైవేల పక్కన పూసే బ్లూబానెట్ తెలుసు. మన ఊరి గట్టు మీద పూసే వాటిలో పది పేర్లు చెప్పమంటే తడుముకుంటాం. ఈ సభలకు ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మన మధ్య ఎందరో ఉన్నారు. భోజనాల బల్ల దగ్గర వాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు ఒక్క మొక్క గురించి అడగండి. పేరేమిటి, ఎక్కడ పెరిగేది, దేనికి వాడేవారు. చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి, ఈసారి చెప్పినవాళ్ళ పేరు కూడా కలిపి.